తీసేసిన దీపం
(‘మడతలు’ సీరియల్: పదకొండో భాగం)

మడతల మావయ్య వేళ్లు ఇస్త్రీ రోలర్‌లో పడి ఆ బుధవారానికి పది రోజులు. ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఏళ్లుగా దుప్పట్లు మడతపెడుతున్న మనిషి ఇప్పుడు అదే ఆసుపత్రి మూడో అంతస్తులో, తను మడతపెట్టి పంపిన దుప్పటి మీదే పడుకుని ఉన్నాడు. కుడిచేతి రెండు వేళ్లు ఇక వంగవని డాక్టర్లు తేల్చేశారు.

ప్రమాదం ఎలా జరిగిందో రిపోర్టు రాసివ్వడానికి మేనేజర్ పెట్టిన గడువు ఆ సాయంత్రం నాలుగు గంటలు. ఏం రాయాలో కూడా ఆయనే టైపు చేయించి పంపాడు. రోలర్ స్విచ్ దగ్గర నిలబడే తూనీగకు చెవులు వినపడవు, సైరన్ మోగినా ఆపలేదు, కనుక తప్పు ఆమెది. కింద సంతకం పెట్టడమే తరువాయి. లాండ్రీ సూపర్‌వైజర్ ఆ కాగితాన్ని మూడు రోజులుగా సంచిలో పెట్టుకుని తిరుగుతోంది. సంతకం పెట్టకపోవడానికి కారణం ధైర్యమేమీ కాదు. పైకి కనిపించినదే తప్ప అసలేం జరిగిందో ఆమెకు తెలియదు. అడిగితే ఎవరూ చెప్పరు.

ఆ హాల్లో ఆమె పేరు కొత్తమ్మ. వచ్చి ఏడాది దాటినా కొత్తమ్మే. ఆమెకంటే ముందు ఆ కుర్చీలో పెద్దాయన ఉండేవాడు. నోరు తెరిస్తే తిట్లు. అయినా ఆయన రిటైరైన రోజు ఇరవై రెండు మందీ ఏడ్చారట. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా కొత్తమ్మకు ఒళ్లు మండుతుంది. తను ఎవరినీ పల్లెత్తు మాట అనదు. అందరినీ ‘గారు’ అంటుంది. వారం రోజుల శిక్షణకు వెళ్లి, మనుషుల మనసు తెలుసుకుని పని చేయించడం ఎలాగో నేర్చుకుని వచ్చింది. దాని ఫలితం, ఆమె హాల్లో అడుగుపెట్టగానే కబుర్లు ఆగిపోవడం.

ఆ ఉదయం కొత్తమ్మ వంటింట్లో గిన్నెను గూట్లో పెట్టబోయి విసిరినంత పని చేసింది.

“దాని మీద కోపమా?” అన్నాడు భర్త. బడిలో డ్రాయింగ్ మాస్టారు. పిల్లల బొమ్మలు దిద్దుకుంటూ తల ఎత్తకుండానే అడిగాడు.

“ఇరవై రెండు మంది, పది రోజులు. ఒక్కళ్లు నోరు విప్పరు. నిన్న మళ్లీ అడిగాను, మనసు విప్పి చెప్పండీ, నేనేమీ అనుకోనూ అని. గోడకి చెప్పుకున్నట్టుంది.”

“ఎలా అడిగావు?”

“ఎలా అంటే? నవ్వుతూ, నెమ్మదిగా.”

మాస్టారు పెన్సిల్ కింద పెట్టాడు. “ఒక మనిషి వేళ్లు పోయాయి. నువ్వు నవ్వుతూ అడిగావు.”

“మరి అరవమంటారా? అరిస్తే పెద్దాయనకీ నాకూ తేడా ఏముంది?”

“ఇంట్లో అరుస్తావుగా. ఇప్పుడు గిన్నె విసిరావు, నీకు ఒళ్లు మండిపోతోందని నాకు తెలిసింది. అక్కడ నీకు ఎలా ఉందో వాళ్లకెలా తెలుస్తుంది?”

“మీ ఉపన్యాసం తర్వాత. నాకు బస్సు టైమైంది,” అని సంచి భుజాన వేసుకుంది. మెట్లు దిగేటప్పుడు గానీ ఆమెకు అర్థం కాలేదు, కోపం భర్త మీద కాదని.

లాండ్రీ ఆసుపత్రి వెనకవైపు ఉంటుంది. లోపలికి వెళ్లగానే తడి గుడ్డల వాసన, ఆవిరి, డ్రయ్యర్ల హోరు. ఒక మూల విడదీసే గది, వార్డుల నుంచి వచ్చిన మాసిన గుడ్డలు అక్కడ దిగుతాయి. మధ్యలో ఉతికే యంత్రాలు. చివర ఇస్త్రీ రోలర్, రెండు మంచాలు వరసగా వేసినంత వెడల్పు. దాని ఎడమ చివర తూనీగ, కుడి చివర మావయ్య. ఇద్దరూ దుప్పటి చెరో కొస పట్టుకుని రోలర్‌కి అందించేవారు. ఆపే స్విచ్ ఎడమవైపు ఒక్కటే. కుడివైపు మనిషికి ఉన్నదల్లా ఒక తాడు. లాగితే సైరన్ మోగుతుంది. ఆ ఆదివారం మావయ్య చెయ్యి లోపలికి పోగానే రెండో చేత్తో తాడు లాగాడు. సైరన్‌కి హాలంతా ఉలిక్కిపడింది. తూనీగ మాత్రం బండిలోంచి ఇంకో దుప్పటి తీయడానికి వంగి ఉంది. విడదీసే గదిలోంచి పిన్ని పరుగెత్తుకొచ్చి స్విచ్ కొట్టింది. ఈ మధ్యలో పోయినవి నాలుగైదు క్షణాలు. ఆ నాలుగైదు క్షణాల గురించే ఈ రిపోర్టు.

ఈ బుధవారం అన్నీ అడ్డం తిరిగాయి. పొద్దున్నే రెండో డ్రయ్యర్ ఆగిపోయింది. ఆపరేషన్ థియేటర్ నుంచి మూడుసార్లు ఫోన్, ఆకుపచ్చ గుడ్డలు ఇంకా రాలేదని. ఫోన్లో సంజాయిషీ చెబుతుండగానే మేనేజర్ గది నుంచి ఇంకో ఫోన్, రిపోర్టు సంగతి గుర్తుందా అని. పన్నెండు కొట్టేసరికి కొత్తమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నం యంత్రాలు ఆపే అరగంటలో అందరినీ మడతల బల్ల దగ్గరికి పిలిచింది.

వచ్చారు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. రోలర్ పక్కన తూనీగ. ముప్ఫై దాటిన సన్నటి మనిషి. మాట్లాడేటప్పుడు ఆమె చేతులు ఆడే వేగం చూసి ఎవరో తూనీగ అన్నారు. ఆ పేరు స్థిరపడిపోయింది. ఆమె పక్కనే పిన్ని. ఊళ్లో వాళ్లందరికీ పిన్ని అవడానికి తగిన వయసు, తగిన నోరు. తొమ్మిదేళ్లుగా తూనీగ సైగలను మాటలుగా, ఇతరుల మాటలను సైగలుగా మార్చేది ఆమే.

“చూడండి,” అని మొదలుపెట్టింది కొత్తమ్మ, అలవాటైన చిరునవ్వుతో. “మీ అందరి అభిప్రాయాలూ నాకు విలువైనవే. ఆ రోజు ఏం జరిగిందో...”

ఒకళ్లు గోడ గడియారం చూశారు. ఇద్దరు నేల చూశారు. ఉతికే యంత్రాల దగ్గరి లావుపాటి మనిషి గట్టిగా ఆవలించి, దాన్ని దగ్గుగా మార్చబోయాడు. వెనకెవరో కిసుక్కుమన్నారు.

కొత్తమ్మ మొహం మీది నవ్వు ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియదు.

“నవ్వండి! బాగా నవ్వండి! అక్కడ మావయ్య చెయ్యి కట్టుకట్టి పడుంది, మీకు నవ్వొస్తోందా?” బల్ల మీద అరచేత్తో కొట్టింది. మడతపెట్టిన గలీబుల దొంతర కూలింది. “ఇవాళ నాలుగింటికి ఈ కాగితం మీద నేను సంతకం పెడితే రేపట్నుంచి తూనీగ ఇక్కడుండదు. తెలుసా మీకు? నాకు నిద్ర పట్టి పది రోజులైంది. మెత్తగా అడిగాను, బతిమాలాను. నాతో ఎందుకు మాట్లాడరు? నేనేం పాపం చేశాను?”

ఆ హోరులేని హాల్లో ఆమె గొంతు రేకుల కప్పుకి తగిలి తిరిగొచ్చింది. చివరి మాట దగ్గర గొంతు పగిలింది కూడా. ఛీ, అనుకుంది. ఇన్నాళ్లూ కాపాడుకున్నదంతా పోయింది.

పిన్ని చేతులు విప్పింది.

“ఇప్పుడు అడిగారు,” అంది.

“అంటే?”

“అంటే ఇప్పుడు నిజంగా అడిగారమ్మా. ఇన్నాళ్లూ మీరు అడుగుతుంటే, ఏ సమాధానం చెబితే మీరు సంతోషిస్తారా అని వెతుక్కునేవాళ్లం. మీరు బాగా వింటారు, కాదనను. తలూపుతూ వింటారు. విని, చాలా థాంక్స్ పిన్నిగారూ అంటారు. అంతటితో సరి. ఆ మాట మళ్లీ ఎక్కడా కనబడదు. పెద్దాయన తిట్టేవాడు. ‘ఏం ముసలీ, మళ్లీ ఏం ఏడుపు’ అనేవాడు. మర్నాటికి పని అయిపోయేది.”

“ఏ మాట? ఏ మాట చెబితే నేను పెడచెవిన పెట్టాను?”

పిన్ని తూనీగ వైపు చూసింది. తూనీగ అప్పటికే బల్ల చుట్టూ తిరిగి కొత్తమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. కుడిచెయ్యి నుదుటిపైకి ఎత్తి, పిడికిలి బిగించి, వేళ్లు విప్పింది. మళ్లీ బిగించింది, మళ్లీ విప్పింది.

కొత్తమ్మకు ఆ సైగ తెలుసు. నాలుగు నెలల కిందట తూనీగ రోలర్ దగ్గర తనను ఆపి ఇలాగే చేసింది. పలకరిస్తోందనుకుంది కొత్తమ్మ. ఎంత మురిసిపోయిందో! పిడికిలి తన నుదుటి మీదికి ఎత్తి, అచ్చం అలాగే విప్పి మూసి, నవ్వి, భుజం తట్టి వెళ్లిపోయింది. మర్నాడు తూనీగ మళ్లీ చేసింది, ఈసారి ఇంకా గట్టిగా. కొత్తమ్మ కూడా ఇంకా గట్టిగా చేసింది. చుట్టూ ఉన్నవాళ్లతో “చూశారా, నేనూ నేర్చుకుంటున్నాను,” అని కూడా అంది.

“ఇది... నమస్కారం కాదా?” అంది ఇప్పుడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

“దీపమమ్మా,” అంది పిన్ని. “తాడు లాగితే వెలిగి ఆరే దీపం.”

తూనీగ చేతులు కదిలాయి. రోలర్ వైపు, పైకి, కొత్తమ్మ వైపు, తన కళ్ల వైపు, మళ్లీ కొత్తమ్మ వైపు. చాలాసేపు. పిన్ని గొంతు సవరించుకుని, “దీపం లేకపోవడం వల్ల కష్టమవుతోందని అంటోంది,” అంది.

తూనీగ కళ్లు పిన్ని పెదాల మీదే ఉన్నాయి. ఆమె భుజం మీద టపీమని ఒక్కటి వేసింది.

“అబ్బా! సరే, చెబుతున్నా.” పిన్ని భుజం రుద్దుకుంది. “అంత మెత్తగా చెప్పొద్దంటోంది. తనన్నది ఇదీ: దీపం మీరే తీయించారు. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ మీరు నన్ను ఆటపట్టించారు.”

“ఆటపట్టించానా!”

“తనకి అలా అనిపించింది. మాకూ అలాగే అనిపించింది మొదట్లో. తర్వాత తెలిసింది, మీకు అర్థం కాలేదని. అప్పటికి చెప్పడానికి మొహమాటం. మీరేమో అందరి ముందూ అంత సంబరపడితిరి.”

తూనీగ ఇంకా ఆపలేదు. ఇప్పుడు చేతులు నెమ్మదిగా, ఒక్కో సైగా విడివిడిగా. పిన్ని కూడా ఒక్కో మాటా అలాగే చెప్పింది.

“దీపం ఉన్నప్పుడు నేను గుడ్డ మీద చూపు పెట్టి పని చేసేదాన్ని. వంగినా దాని వెలుగు నేల మీద పడేది. అది పోయాక మావయ్య మొహం మీద చూపు పెట్టి పని చేశాను. నాలుగు నెలలు. ఆయనకి ఏదైనా అయితే మొహంలో తెలుస్తుందని. ఆ రోజు ఒక్కసారి వంగాను.”

చెప్పడం అయ్యాక పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంది. తూనీగ తుడుచుకోలేదు. సమాధానం కోసం కొత్తమ్మ పెదాల వైపు చూస్తూ నిలబడింది.

కొత్తమ్మకు శిక్షణలో ఇలాంటప్పుడు చెప్పాల్సిన వాక్యాలు పన్నెండు నేర్పారు. ఒక్కటీ నోటికి రాలేదు. “నేను సైరన్ పెట్టించాను. దీపం తీయమని నేనెప్పుడు చెప్పాను?” అంది. అంటుంటే అది తనకే నీళ్లు నమలడంలా వినిపించింది.

“చెప్పారు మేడమ్,” అన్నాడు మెకానిక్.

అంతవరకూ డ్రయ్యర్ వెనక కూర్చుని ఏదో విప్పుతున్నవాడు లేచి వచ్చాడు. తక్కువ మాటల మనిషి. గోడకున్న బీరువాలోంచి పనుల ఫైలు తీసి, నాలుగు నెలల కిందటి కాగితం బయటికి లాగి బల్ల మీద పెట్టాడు. పాత దీపం తొలగించి, అదే తీగకు సైరన్ కలపవలెను. కింద కొత్తమ్మ సంతకం, ఆమె ఎప్పుడూ పెట్టే గీతతో సహా.

“ఇది చదవకుండా పెట్టి ఉంటాను,” అంది.

“లేదు మేడమ్. నేను నోటితో కూడా అడిగాను. ఈ దీపం పెద్దాయన తూనీగ కోసమే పెట్టించాడు, ఉంచెయ్యమంటారా అని. మీరు అప్పుడే శిక్షణ నుంచి వచ్చారు.” మెకానిక్ చేతికంటిన నూనెను గుడ్డతో తుడుచుకుంటూ కాస్త ఆగాడు. “మీరన్న మాట నాకు గుర్తుంది. ‘ఒక మనిషి కోసం వేరే ఏర్పాటు అంటే ఆ మనిషిని వేరు చేసినట్టే కదండీ. ఇక్కడ అందరూ సమానం. అందరికీ ఒకటే ఉండాలి’ అన్నారు.”

ఆ మాట తనదేనని గుర్తుపట్టడానికి ఆమెకు క్షణం పట్టింది. తర్వాత అంతా గుర్తొచ్చింది. ఆ రోజు ఆ మాట అన్నాక తనకు ఎంత తృప్తిగా ఉందో కూడా.

రోలర్ దగ్గరికి నడిచింది. ఎడమ చివర, కంటి ఎత్తుకి కొంచెం పైన, ఇనుప దిమ్మె మీద గుండ్రటి మచ్చ. చుట్టూ రంగు ఆవిరికి నల్లబడింది. ఆ గుండ్రం మాత్రం కొత్తగా, పచ్చగా ఉంది. నాలుగు మరల బెజ్జాలు. రోజూ దీని ముందు నుంచి పదిసార్లు నడుస్తుంది. ఒక్కసారీ చూడలేదు.

“దీపం ఒక్కటే చాలదు మేడమ్,” అన్నాడు వెనకే వచ్చిన మెకానిక్. “తాడు లాగితే మోటారే ఆగాలి. దానికి భాగం తెప్పించమని రెండుసార్లు రాశాను. పైనుంచి జవాబు లేదు.”

“ఎప్పుడు రాశారు?”

“ఒకటి పెద్దాయన ఉండగా. ఒకటి మీరొచ్చాక.”

కొత్తమ్మ వెనక్కి తిరిగింది. అందరూ బల్ల దగ్గరే ఉన్నారు. తూనీగ ఎదురుగా వెళ్లి నిలబడి, ఆమెకు కనబడేలా మొహం ఎత్తి, నెమ్మదిగా అంది.

“తప్పు నాది. నీది కాదు. నేను రాస్తాను.”

పిన్ని చేతులు ఎత్తింది. సగంలో ఆగిపోయాయి. తూనీగ ఆమె కోసం చూడలేదు. కొత్తమ్మ పెదాలు చదివేసింది. నమ్మినట్టు ఆమె మొహంలో ఏమీ కనబడలేదు. ఊరికే తలూపి, కూలిన గలీబులను ఏరి మళ్లీ దొంతర పెట్టడం మొదలుపెట్టింది.

ఆ తలూపడం చూసి కొత్తమ్మకు చివుక్కుమంది. అది తను రోజూ అందరికీ ఊపే తలే.

తన గది అంటే గాజు తలుపున్న చిన్న అర. అందులో కూర్చుని టైపు చేసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. తెల్ల కాగితం మీద చేత్తో రాయసాగింది. దీపం సంగతి. సైరన్ సంగతి. తను మెకానిక్‌తో అన్న మాట, అన్నది అన్నట్టు. తూనీగ రెండుసార్లు వచ్చి చెప్పడం, తను అర్థం చేసుకోకపోవడం. ఇక్కడ కలం ఆగింది. మేనేజర్ ఇది చదివి నవ్వుతాడు. నవ్వనీ అనుకుని, నుదుటి మీద పిడికిలి విప్పి మూసిన సంగతి కూడా రాసింది. మోటారు ఆపే భాగం కోసం రాసిన రెండు ఉత్తరాల తేదీలు రాసింది. చివర్న: ప్రమాదానికి బాధ్యత నాది. ఆ భాగం బిగించి, దీపం తిరిగి పెట్టేవరకు రోలర్ నడపరాదు.

మధ్యలో థియేటర్ నుంచి ఫోన్ మోగింది. “ఆకుపచ్చ గుడ్డలు గంటలో వస్తాయి. అంతకుముందు రావు. ఉన్నమాట చెబుతున్నాను,” అంది. ఎప్పుడూ అరిచే అవతలి నర్సు, “సరే, అలా చెప్పొచ్చుగా రోజూ,” అని పెట్టేసింది.

మూడున్నరకు లిఫ్ట్ దగ్గర నిలబడితే అది నాలుగో అంతస్తులోనే ఆగిపోయి ఉంది. మెట్లెక్కింది. మేనేజర్ గది ముందు కుర్చీలో పది నిమిషాలు కూర్చోబెట్టారు. ఆ పది నిమిషాల్లో ఆమె రిపోర్టు మడత విప్పి మూడుసార్లు చదువుకుంది. మూడుసార్లూ చెమట పట్టింది.

మేనేజర్ చదివాడు. నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“మేడమ్, మిమ్మల్ని శిక్షణకు పంపింది నేనే. తోటివాళ్ల బాధ అర్థం చేసుకోమని పంపాను. అందరి తప్పులూ నెత్తిన వేసుకోమని కాదు.”

“ఇది అందరి తప్పూ కాదు సార్. నాది. కొంత మీది. ఉత్తరాలు మీకొచ్చాయి.”

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. “రోలర్ ఆపితే రోజుకి పన్నెండు వందల దుప్పట్లు ఎవరు ఇస్త్రీ చేస్తారు? బయటి లాండ్రీకి ఇవ్వాలి. ఒకసారి ఇచ్చాక మళ్లీ వెనక్కి ఎందుకు తెస్తాం? మీ ఇరవై రెండు మందినీ ఏం చేయమంటారు? ఇదేనా వాళ్ల మీద మీకున్న ప్రేమ?”

అది సూటిగా తగిలింది. మెట్లెక్కుతూ ఆమె దీని గురించి ఆలోచించలేదు. అయినా అంది: “ఇంకొకళ్ల చెయ్యి పోయాక వాళ్ల గురించి మాట్లాడటం కంటే ఇప్పుడు మాట్లాడటం నయం. చేత్తో మడతపెట్టుకుంటాం. ముడతలుంటాయి. రోగులు ముడతల దుప్పటి మీద పడుకుంటారు. ఏమీ కాదు.”

“మీరు అరుస్తున్నారు.”

“అవును సార్. అరుస్తున్నాను.”

మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. కోపగించుకుంటాడనుకుంది. ఆయన మొహంలో మాత్రం పని ముగించుకున్న మనిషి నిదానం ఉంది. ఆమె రిపోర్టును మడతపెట్టి, ఆమె వైపే నెట్టాడు.

“ఇది మీ దగ్గరే ఉంచుకోండి. దీని అవసరం లేదు. ఆ అమ్మాయి తనంతట తానే ఒప్పేసుకుంది. ఉద్యోగం మానుకుంటున్నానని రాసిచ్చింది. నేను అంగీకరించాను. ఇవాళ నాలుగింటితో సరి.”

“ఎవరు? తూనీగా? ఎప్పుడు?”

“పొద్దున ఏడున్నరకే నా బల్ల మీద ఉంది. నేనే ఆలస్యంగా చూశాను.”

“మధ్యాహ్నం కూడా నా ఎదురుగా నిలబడి మాట్లాడింది! దీపం తీసేశారని నన్ను నిలదీసింది! అలాంటి మనిషి పొద్దున్నే...”

ఆయన సొరుగులోంచి గీతల కాగితం తీసి ముందు పెట్టాడు. నాలుగు వాక్యాలు. నాకు వినపడకపోవడం వల్ల ప్రమాదం జరిగింది. తప్పు నాదే. ఎవరి ఒత్తిడీ లేదు. నన్ను ఉద్యోగం నుంచి తప్పించగలరు. కింద వంకరటింకర అక్షరాల్లో తూనీగ సంతకం. అది ఆమెదే, జీతం పుస్తకంలో నెలనెలా చూసేదే. పేరు మాత్రమే రాయగలదు తూనీగ. చిన్నప్పుడు సైగలతో చదువు చెప్పే బడి ఆమెకు దొరకలేదు. ఇంత రాయడం, రాసింది చదవడం కూడా ఆమెకు రాదు.

మరి రాసిందెవరు?

కొత్తమ్మ కాగితాన్ని దగ్గరికి తీసుకుంది. ‘తప్పు’ దగ్గర చూపు ఆగింది. ప కింది ఒత్తును గీత దాటించి కిందికంటా లాగి, చివర తోకలా తిప్పారు. ‘తప్పించగలరు’లోనూ అంతే. ఆ తోకను ఆమె రోజూ చూస్తుంది. విడదీసే గదిలోంచి వచ్చే ప్రతి మూట మీదా చీటీ ఉంటుంది. ‘దుప్పట్లు, నలభై.’ ‘దుప్పట్లు, అరవై.’ హాలు మొత్తంలో ఆ ఒత్తును అలా లాగి రాసే చెయ్యి ఒక్కటే ఉంది.

పిన్ని చెయ్యి.

“సార్, ఈ సంతకం పెట్టేటప్పుడు ఇందులో ఏముందో ఆమెకి ఎవరు చెప్పారు?”

“అది నన్నెందుకు అడుగుతారు? ఆమె మాటలు చెప్పడానికి మనిషి ఉందిగా అక్కడ.”

కొత్తమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్కడి నుంచి లాండ్రీ వెనక వాకిలి, గేటు వరకూ ఉన్న దారి కనిపిస్తాయి. నాలుగు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. ఆ ఎండలో ఇద్దరు ఆడవాళ్లు గేటు వైపు నడుస్తున్నారు. పిన్ని చంకలో తూనీగ సంచి. రెండో చెయ్యి తూనీగ మోచేతిని గట్టిగా పట్టుకుని ఉంది.

తూనీగ మాటిమాటికీ వెనక్కి, హాలు వైపు చూస్తోంది. ఖాళీగా ఉన్న ఒంటి చేత్తో ఏదో అడుగుతోంది. మళ్లీ అడుగుతోంది. పిన్ని తల తిప్పకుండా, అడుగు ఆపకుండా నడుస్తోంది.